హవల్దారు నాన్నగారు పోయారు, అమ్మ పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది: ఫ్యామిలీ పింఛనుకు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: చీపురుపల్లి వాసి

పెద్దలందరికీ నమస్కారం. మా నాన్నగారు ఆర్టిలరీలో (సైన్యంలోని ఫిరంగి దళంలో) ఇరవై నాలుగేళ్లు పనిచేసి 2007లో హవల్దారుగా రిటైరయ్యారు. ఆ తరువాత చీపురుపల్లి దగ్గర మా సొంత ఊళ్లోనే వ్యవసాయం చూసుకుంటూ, మధ్యలో కొన్నేళ్లు గరివిడిలో సెక్యూరిటీ ఉద్యోగం చేశారు. ఈ సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకే గుండెపోటుతో కాలం చేశారు. ఆయన వయసు అరవై ఒకటి. నేను హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో అమ్మ, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న చెల్లెలు ఉంటున్నారు.

కార్యక్రమాలన్నీ అయ్యాక నాన్నగారి నల్ల ట్రంకు పెట్టె తెరిచి కాగితాలు తీశాను. సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో భార్య పేరు ఉండవలసిన చోట ‘పైడమ్మ’ అని టైపు చేసి, పక్కనే ఊదారంగు ముద్ర వేసి, దానిమీద అధికారి సంతకం ఉంది. పీపీఓలోనూ (పింఛను చెల్లింపు ఉత్తర్వులోనూ) అదే పేరు. ఆధార్ కార్డులో, బ్యాంకు పాస్‌బుక్కులో, ఓటరు కార్డులో మాత్రం అమ్మ పేరు ‘పైడితల్లి’. పుట్టిన తేదీ కూడా కలవడం లేదు. మిలిటరీ కాగితాల్లో ఉన్న సంవత్సరానికీ ఆధార్‌లో ఉన్న సంవత్సరానికీ రెండేళ్ల తేడా ఉంది.

ఈ తేడా వల్ల అమ్మకు ఫ్యామిలీ పింఛను ఆగిపోతుందా, ఆగకుండా ఉండాలంటే ముందుగా ఎవరి దగ్గరకు వెళ్లాలి అన్నది నా మొదటి సందేహం. అమ్మకు షుగరు ఉంది, ప్రతి నెలా మందులు కావాలి. ఇన్నాళ్లూ మాజీ సైనికుల వైద్య పథకం కింద నాన్నగారికి ఉన్న ఈసీహెచ్‌ఎస్ కార్డు మీదే వైద్యం జరిగింది. ఆయన పోయాక ఆ కార్డు అమ్మకు చెల్లుతుందో లేదో తెలియడం లేదు. చెల్లెలు బీఫార్మసీలో చేరాలనుకుంటోంది. మాజీ సైనికుల పిల్లలకు స్కాలర్‌షిప్పు ఉంటుందని నాన్నగారు చెబుతూ ఉండేవారు గాని, ఆ వివరాలు ఆయనతోనే పోయాయి. ఈలోగా మా మండలంలో ఒకాయన ఇంటికి వచ్చి, పింఛను పనంతా తానే చేయించి పెడతానని, అందుకు వచ్చే బకాయిల్లో సగం తనకు ఇవ్వాలని, ముందుగా డిశ్చార్జి బుక్కు తన చేతికి ఇమ్మని అమ్మను తొందరపెడుతున్నాడు. అమ్మ భయపడి ఇచ్చేస్తుందేమోనని నాకు దిగులుగా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపగలరు.


జవాబు: మాజీ నాయబ్ సుబేదార్, టెక్కలి

బాబూ, మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి. నేను ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతులు చూసే విభాగం) నుంచి రిటైరయ్యాను. మా ప్రాంతంలోని మాజీ సైనికుల కుటుంబాలకు ఇలాంటి కాగితాలు రాసిపెట్టే పనిలో చాలాకాలంగా ఉన్నాను కనుక కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు ఈ రాత్రికే అమ్మగారికి ఫోను చేసి, డిశ్చార్జి బుక్కును ఎవరి చేతికీ ఇవ్వవద్దని చెప్పండి. ఆమె ఎవరి భార్య అని నిరూపించడానికి మీ ఇంట్లో ఉన్న అతి విలువైన కాగితం అదే. విజయనగరంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నదే ఇలాంటి పనుల కోసం. అక్కడ దరఖాస్తు రాయించుకోవడానికి గాని, దానిని పైకి పంపించడానికి గాని ఎవరికీ వాటా ఇవ్వనక్కరలేదు. బకాయిల్లో సగం అడుగుతున్న మనిషి చేయబోయేది కూడా ఆ కార్యాలయానికి వెళ్లి వరుసలో నిలబడటమే. ఆ పని మీరు ఒకసారి సెలవు పెట్టి వచ్చి చేసుకోవచ్చు.

కంగారు పడనవసరం లేని సంగతి ఒకటి ఉంది. ఫ్యామిలీ పింఛను హక్కు నాన్నగారు పోయిన మరుసటి రోజు నుంచే అమ్మగారికి వస్తుంది. పేరు సరిచేయించడానికి నెలలు పట్టినా, మంజూరు అయినప్పుడు ఆ రోజు నుంచి లెక్కగట్టి బకాయి మొత్తం ఇస్తారు. కాని నాన్నగారు పోయిన సంగతి తెలియజేయడంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. రక్షణ పింఛన్లన్నీ ఇప్పుడు ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ (పెన్షన్స్) అనే పింఛను లెక్కల కార్యాలయం నడిపే స్పర్శ్ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వస్తున్నాయి. పింఛనుదారు మరణించినట్టు స్పర్శ్ పోర్టల్‌లో నమోదు చేసే వీలుంది. చేతకాకపోతే కామన్ సర్వీస్ సెంటరులో గాని, స్పర్శ్ సేవాకేంద్రంలో గాని చేయించుకోవచ్చు. అలా నమోదు కాకపోతే పాత పింఛను ఖాతాలో పడుతూనే ఉంటుంది. ఆ డబ్బు మనది కాదు, తరువాత తిరిగి రాబట్టుకుంటారు. అందుకని జనవరిలో ఆయన పోయిన తేదీ తరువాతి కాలానికి వచ్చిన సొమ్మును ఖాతాలో ముట్టుకోకుండా ఉంచండి. ఆ తేదీ వరకు రావలసిన పింఛను ఏదైనా మిగిలి ఉంటే అది లైఫ్ టైమ్ ఎరియర్స్ కింద నామినీకి, నామినీ లేకపోతే వారసులకు విడిగా వస్తుంది.

ఇక పేరు విషయం. మన ఉత్తరాంధ్రలో ఇది ఇంటింటి సమస్య. ఇంట్లో పిలిచే పేరు పెళ్లయిన కొత్తలో యూనిట్‌లో చెబితే అదే రికార్డుకెక్కింది. ఆధార్ వచ్చినప్పుడు పూర్తి పేరు రాశారు. అమ్మగారి హక్కు దీనివల్ల పోదు, కాని దీనిని సరిచేయించే అధికారం బ్యాంకుకు గాని, సచివాలయానికి గాని, కామన్ సర్వీస్ సెంటరుకు గాని లేదు. ఆ అధికారం సైనికుల సర్వీసు వివరాలు భద్రపరిచే రికార్డ్ ఆఫీసుది. ఆర్టిలరీ వారి రికార్డ్ ఆఫీసు నాసిక్ రోడ్డు క్యాంపులో ఉంది. ఇది చదివే మిగతావారి కోసం చెబుతున్నాను: మద్రాసు రెజిమెంటు వారిది వెల్లింగ్టన్‌లోనూ, ఈఎంఈ వారిది సికింద్రాబాదులోనూ, సిగ్నల్స్ వారిది జబల్‌పూర్‌లోనూ ఉన్నాయి, నేవీ వారు ముంబయిలోని సెయిలర్ల బ్యూరోకు, ఎయిర్‌ఫోర్సు వారు ఢిల్లీలోని ఎయిర్‌ఫోర్సు రికార్డ్ ఆఫీసుకు రాయాలి. పైడమ్మ, పైడితల్లి ఒక్కరే అని అఫిడవిట్ రాయించి, దానికి ఆధార్, నాన్నగారి మరణ ధ్రువపత్రం, డిశ్చార్జి బుక్కు నకలు, పీపీఓ నకలు, ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫోటో జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ అధికారి కవరింగ్ లెటరుతో రికార్డ్ ఆఫీసుకు పంపించాలి. అక్కడ పరిశీలించి సరిచేశాక, ఆ సవరణ పీసీడీఏకు వెళ్లి సవరణ పీపీఓగా వస్తుంది. పుట్టిన తేదీని కూడా ఇదే దరఖాస్తులో రాయండి. వయసు లెక్క అమ్మగారికి ఎనభై వచ్చినప్పుడు అవసరపడుతుంది. ఎనభై నిండిన ఫ్యామిలీ పింఛనుదారులకు మూల పింఛను మీద ఇరవై శాతం అదనంగా కలుస్తుంది, ఎనభై ఐదుకు అది ముప్పై శాతం అవుతుంది, ఆ పైన ఇంకా పెరుగుతుంది. వయసు రెండేళ్లు తక్కువగా పడితే ఆ రెండేళ్ల అదనం ఆమె చేతికి రాకుండా పోతుంది.

మీరు అడగకపోయినా చెప్పవలసినది ఇంకొకటి ఉంది, నా లెక్కలో ఇది అమ్మగారి పేరు కన్నా తొందరైన పని. నాన్నగారు 2007లో రిటైరయ్యారన్నారు, చెల్లెలు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం అన్నారు. అంటే ఆ పిల్ల ఆయన రిటైరైన తరువాతే పుట్టి ఉండాలి. అలాగైతే డిశ్చార్జి బుక్కులో ఆమె పేరు ఉండే అవకాశమే లేదు, తరువాత ఎవరైనా ఎక్కించి ఉంటే తప్ప. డిశ్చార్జి బుక్కు మళ్లీ తెరిచి పిల్లల పేర్లున్న పేజీ చూడండి. మీ పేరు ఒక్కటే ఉంటే, చెల్లెలి జనన ధ్రువపత్రం, పదో తరగతి మెమో తీసుకుని అదే రోజు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి, రికార్డ్ ఆఫీసులో ఆమె పేరు కూడా నమోదు చేయించమని కోరండి. స్కాలర్‌షిప్పుకైనా, ఆసుపత్రి కార్డుకైనా, ఏ మాజీ సైనికుడి కూతురు అని అడిగినప్పుడు చూపించవలసింది ఆ నమోదే.

పింఛను ఎంత వస్తుందో కూడా అమ్మగారికి ముందే తెలియాలి. రిటైరైన తరువాత మరణించినవారి భార్యకు మొదట పెంచిన రేటులో, అంటే చివరి జీతంలో యాభై శాతం చొప్పున ఫ్యామిలీ పింఛను ఇస్తారు; అయితే అది భర్తకు వచ్చిన పింఛనును మించదు. ఈ రేటు ఏడేళ్లపాటు గాని, భర్త బతికి ఉంటే ఆయనకు అరవై ఏడు నిండే రోజు వరకు గాని, ఏది ముందైతే అంతవరకే ఉంటుంది. మీ నాన్నగారు అరవై ఒకటిలో పోయారు కనుక, అమ్మగారికి సుమారు ఆరేళ్లు పెంచిన రేటు నడిచి, ఆ తరువాత ముప్పై శాతానికి దిగుతుంది. లెక్క కోసం ఏడో వేతన సంఘం ప్రకారం సవరించిన చివరి జీతం 40,000 రూపాయలు అనుకుంటే, ఇప్పుడు 20,000, తరువాత 12,000 మూల పింఛనుగా వస్తాయి. రెండింటి మీదా కరువు భృతి విడిగా కలుస్తుంది. ఎంత తగ్గినా మూల ఫ్యామిలీ పింఛను 9,000 రూపాయలకు తక్కువ ఉండదు. ఆరేళ్ల తరువాత ఒక నెల ఉన్నట్టుండి పింఛను తగ్గినప్పుడు, ఎవరో కోసేశారని ఆఫీసుల చుట్టూ తిరిగిన తల్లులను నేను చూశాను. మీ చెల్లెలి చదువూ పెళ్లీ ఆ ఆరేళ్లలోనే పడతాయి కనుక ఈ లెక్క మీరు ఇప్పుడే మనసులో పెట్టుకోవాలి.

ట్రంకు పెట్టెలో ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వారి కాగితం ఏదైనా ఉందేమో కూడా వెతకండి. రిటైరయ్యేటప్పుడు ఒకేసారి కట్టిన ప్రీమియంతో రిటైర్మెంటు తరువాత కూడా కొన్నేళ్లు నడిచే బీమా అది. గడువు ఇంకా ఉంటే ఆ క్లెయిము వేరుగా పెట్టుకోవాలి, పింఛనుతో కలిసి దానంతట అది రాదు.


జవాబు: న్యాయవాది, విజయనగరం

సుబేదారు గారు చెప్పినదానికి రెండు మాటలు చేరుస్తాను. అఫిడవిట్‌లో ‘నా పేరు మారింది’ అని రాయించవద్దు. అమ్మగారు పేరు మార్చుకోలేదు. ‘పైడమ్మ అని సైనిక రికార్డుల్లోనూ, పైడితల్లి అని ఆధార్‌లోనూ ఉన్న వ్యక్తిని నేనే, ఫలానా నంబరు గల హవల్దారు ఫలానా వారి భార్యను’ అని స్పష్టంగా రాయించాలి. నాన్నగారి ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు డిశ్చార్జి బుక్కులో ఏ అక్షరాలతో ఉన్నాయో అవే అక్షరాలతో రావాలి. మనవాళ్ల ఇంటిపేరు ఆర్మీ కాగితాల్లో పేరు చివరికి వెళ్లి ఉంటుంది, టైపు చేసేవారు దానిని అలవాటుగా ముందుకు తెస్తారు. అక్కడ మరో తేడా పుట్టి, ఒక అఫిడవిట్‌ను సరిచేయడానికి ఇంకో అఫిడవిట్ కావలసి వస్తుంది. దీనితోపాటు తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా తీసుకోండి. సచివాలయంలో దరఖాస్తు పెట్టవచ్చు.

న్యాయ సహాయానికి డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, కాబట్టి అమ్మగారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను నేరుగా ఆశ్రయించవచ్చు. పైగా 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ సైనిక కుటుంబాల కోసమే వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు నడపడం దాని ఉద్దేశం. మీరు వెళ్లిన రోజున ఆ సేవ గురించి కూడా అడగండి. రికార్డ్ ఆఫీసు గాని, పీసీడీఏ గాని దరఖాస్తును తిరస్కరిస్తే, కారణం రాతపూర్వకంగా తీసుకోవాలి. సైనిక పింఛను వివాదాలను వినేది సాయుధ దళాల ట్రైబ్యునల్. మన రాష్ట్రం దాని చెన్నై బెంచి కిందికి వస్తుంది. మీ అమ్మగారి విషయం అంతదూరం వెళ్లదనే నా నమ్మకం, ఎందుకంటే ఇక్కడ వివాదం లేదు, తేడా మాత్రమే ఉంది.


జవాబు: ఒక సైనికుడి భార్య, పలాస

తమ్ముడూ, నా భర్త నాయక్‌గా రిటైరై కొన్నేళ్లకే పోయారు. నాకు ఫ్యామిలీ పింఛను వస్తోంది, ఈసీహెచ్‌ఎస్ కార్డు కూడా ఉంది. కనుక ఆసుపత్రి సంగతి నేను చెప్పగలను.

మీ నాన్నగారు 2007లో రిటైరయ్యారంటే ఈసీహెచ్‌ఎస్ చందా అప్పుడే కట్టి ఉంటారు. ఆ పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. భర్త పోయినంత మాత్రాన భార్య సభ్యత్వం పోదు, మళ్లీ చందా కట్టమని కూడా అడగరు. ఇన్నాళ్లూ ఆయన మీద ఆధారపడిన సభ్యురాలిగా ఉన్న అమ్మగారు ఇకమీదట తానే ప్రధాన సభ్యురాలు అవుతారు, ఆ మార్పు కోసం ఆన్‌లైన్‌లో కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టి, నాన్నగారి కార్డు వెనక్కి ఇచ్చేయాలి. కొత్త కార్డు చేతికి వచ్చేలోగా దరఖాస్తు పెట్టినట్టు తాత్కాలిక స్లిప్పు ఇస్తారు, దాన్ని చూపించి మందులు తీసుకోవచ్చు. చెల్లెలికి పెళ్లయ్యేవరకు లేదా సొంత సంపాదన వచ్చేవరకు ఆమె పేరు అమ్మగారి కింద కొనసాగుతుంది. అయితే దరఖాస్తులో అమ్మగారి పేరు పీపీఓలో ఉన్నట్టు రాయాలా, ఆధార్‌లో ఉన్నట్టు రాయాలా అన్న చిక్కు మీకూ వస్తుంది, కనుక అఫిడవిట్ నకలు ఒకటి ఆ పథకం వైద్యశాల అయిన పాలీక్లినిక్‌లో కూడా ఇవ్వండి.

పెద్ద ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకుని వెళ్లాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అందులోనే చేర్చండి, ఈసీహెచ్‌ఎస్ జాబితాలో ఉందా లేదా అని చూస్తూ నిలబడవద్దు. జాబితాలో లేని ఆసుపత్రి అయితే నలభై ఎనిమిది గంటల్లోగా పాలీక్లినిక్‌కు తెలియజేసి, బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, మందుల రసీదులు ఒక్కటి కూడా పోనివ్వకుండా దాచి, తరువాత క్లెయిము పెట్టాలి.

ఇంకొకటి, నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్, అంటే పింఛనుదారు బతికే ఉన్నారన్న ధ్రువపత్రం. ఇప్పటివరకు ఇది నాన్నగారు చూసుకున్న పని, ఇకమీదట అమ్మగారు చూసుకోవాలి. నేను చాలాకాలం జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్లాను. ఆ పిక్కల్లోంచి కారే జిగురు చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్ల కొసలు నల్లబడి, గీతలన్నీ అరిగి నున్నగా అయిపోతాయి. మా పలాసలో ఆ పని చేసిన ఆడవాళ్లలో ఎందరికో వేలిముద్ర యంత్రం మీద ఎన్నిసార్లు నొక్కినా పడదు. అలాంటివారికి ముఖం చూపించి ధ్రువీకరించే పద్ధతి 2021 నుంచి ఉంది. జీవన్ ప్రమాణ్ యాప్‌తోపాటు ఆధార్ వారి ఫేస్ యాప్ కూడా ఫోనులో వేసుకుంటే మీరు ఊరికి వచ్చినప్పుడు ఇంట్లోనే చేసిపెట్టవచ్చు, వేలిముద్ర పడలేదని అమ్మగారిని బస్సుల్లో తిప్పనక్కరలేదు. అందులో పింఛను చెల్లించే సంస్థ ఏది అని అడిగినప్పుడు స్పర్శ్ పీసీడీఏ (పెన్షన్స్) అలహాబాద్ అన్న పేరే ఎంచుకోవాలి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతోంది కదా అని కొందరు బ్యాంకు పేరు ఎంచుకుంటారు, అప్పుడు సర్టిఫికెట్ వచ్చినట్టే కనిపిస్తుంది గాని స్పర్శ్‌కు చేరదు, పింఛను ఆగిపోతుంది. అమ్మగారు పెట్టేది ఫ్యామిలీ పింఛను రకం, నంబరు ఆమె కొత్త పీపీఓది. నాన్నగారి పాత నంబరుతో పెట్టవద్దు.

చెల్లెలి చదువు గురించి చెబుతాను. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పుకు బీఫార్మసీ అర్హమైన కోర్సే. ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500 రూపాయల చొప్పున ఏడాదికోసారి ఇస్తారు. ఏటా దేశమంతటికీ కలిపి 5,500 మందికి, అందులో సగం ఆడపిల్లలకు. ఇంటర్‌లో అరవై శాతం తప్పకుండా ఉండాలి. ముఖ్యమైనది ఏమిటంటే కాలేజీలో చేరిన మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టాలి. రెండో ఏడు పెడదాంలే అనుకుంటే ఆ తలుపు మూసుకుపోతుంది. కాలేజీలో చేరగానే బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకుని, సైనిక సంక్షేమ కార్యాలయంలో నోటిఫికేషను ఎప్పుడు వస్తుందో కనుక్కుంటూ ఉండండి. ఒకవేళ అందులో ఎంపిక కాకపోయినా, హవల్దారు ర్యాంకు వరకు ఉన్నవారి పిల్లలకు డిగ్రీ వరకు చదువు సాయం వేరే ఉంది. ఇద్దరు పిల్లలకు ఇస్తారు. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు దాన్ని నెలకు 1,000 నుంచి 2,000 రూపాయలకు పెంచారు. కూతురి పెళ్లికి ఇచ్చే 50,000 సాయం కూడా అప్పుడే లక్ష అయింది. పెళ్లి జరిగిన 180 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి, తరువాత ఎంత బతిమాలినా తీసుకోరు.


ప్రశ్న: కవిటి నుంచి ఒక మనవడు

ఈ చర్చలోనే అడుగుతున్నందుకు పెద్దలు మన్నించాలి. మా తాతగారు 1960లలో సైన్యంలో ఏడేళ్లు సిపాయిగా చేసి ఇంటికి వచ్చేశారు, పింఛను లేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నానమ్మకు ఎనభై దాటాయి, కొబ్బరి తోట కూడా తుపానులో పోయింది. పింఛనే లేనివారికి సైనిక శాఖ నుంచి ఏ సాయమూ ఉండదని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?


జవాబు: మాజీ నాయబ్ సుబేదార్, టెక్కలి

నిజం కాదు బాబూ. పింఛను లేని పాతవారి కోసమే రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి పెన్యూరీ గ్రాంటు (పేదరిక సాయం) ఇస్తారు. హవల్దారు ర్యాంకు వరకు చేసి, పింఛను లేకుండా ఉన్న మాజీ సైనికులకు గాని, వారి భార్యలకు గాని, అరవై ఐదేళ్లు నిండి ఆదాయం లేకపోతే ఇది వస్తుంది. నెలకు 4,000 రూపాయలు ఉండేది. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 8,000 చేశారు. మీ నానమ్మగారి వంటి వారికి ఇది చాలా పెద్ద ఆసరా.

కాని ఇందులో తాతగారు సైన్యం నుంచి ఎలా బయటికి వచ్చారన్నది ముఖ్యం. ఎప్పుడు, ఏ కారణంతో వచ్చారన్నదాన్ని బట్టి ఆయనను మాజీ సైనికుడిగా గుర్తిస్తారా లేదా అన్నది తేలుతుంది. డిశ్చార్జి బుక్కులో డిశ్చార్జికి కారణం అని ఒక వరుస ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది, నానమ్మగారు చదవలేరు. మీరు చదివి, అక్కడ ఏమి రాసి ఉందో యథాతథంగా ఇక్కడ రాయండి, నేను అర్థం చెబుతాను. తాతగారి పేరు, నంబరు ఇక్కడ రాయవద్దు, ఇది అందరూ చూసే చోటు. పుస్తకం తుపానులో తడిసిపోయి ఉంటే, ఆర్మీ నంబరు ఒక్కటి దొరికినా చాలు, రికార్డ్ ఆఫీసు నుంచి సర్వీసు వివరాలు తెప్పించుకునే ప్రయత్నం చేయవచ్చు. పాత ఉత్తరాల మీద, పెట్టె మూత లోపల, కొన్ని ఇళ్లలో కంచు గ్లాసుల అడుగున కూడా ఆ నంబరు చెక్కించి ఉంటుంది, వెతకండి.

శ్రీకాకుళం కార్యాలయంలో నానమ్మగారి పేరున వితంతు గుర్తింపు కార్డు ఉందో లేదో కూడా చూడాలి. లేకపోతే దానితోనే మొదలుపెట్టాలి. రాజాం, రేగిడి, సంతకవిటి, వంగర వైపు బంధువులెవరైనా ఇదే పని మీద ఉంటే వారికి ఒక మాట చెప్పండి: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు ఆ మండలాలు విజయనగరం జిల్లాలో కలిశాయి, పాలకొండ వైపువి పార్వతీపురం మన్యంలో కలిశాయి. పాత నమోదు శ్రీకాకుళంలో ఉండి కొత్త ఆధార్ చిరునామా వేరే జిల్లా చూపిస్తుంటే, దరఖాస్తు పెట్టకముందే ఫైలు ఏ కార్యాలయంలో ఉందో కనుక్కోవాలి.


జవాబు: చీపురుపల్లి వాసి

అందరికీ నమస్సులు. అమ్మతో నిన్న రాత్రే మాట్లాడాను, డిశ్చార్జి బుక్కు ఇంట్లోనే భద్రంగా ఉంది, ఆ మనిషికి రావద్దని చెప్పేశాం. పిల్లల పేర్లున్న పేజీని చెల్లెలు ఫోటో తీసి పంపింది. సుబేదారు గారు అన్నట్టే అందులో నా పేరు ఒక్కటే ఉంది, దాని కింద వరుస ఖాళీగా ఉంది. వచ్చే సోమవారం సెలవు పెట్టి విజయనగరం వెళ్తున్నాను. చెల్లెలి జనన ధ్రువపత్రంలో అమ్మ పేరు ‘పైడితల్లి’ అని, నాన్నగారి పేరు ఇంటిపేరు ముందు పెట్టి రాసి ఉంది. ఈ తేడాను కూడా అదే అఫిడవిట్‌లో చేర్చవచ్చా, లేక వేరేగా రాయించాలా?


జవాబు: న్యాయవాది, విజయనగరం

అమ్మగారి పేరు అదే అఫిడవిట్‌లో సరిపోతుంది. నాన్నగారి పేరులో ఇంటిపేరు స్థానం మారిన సంగతికి అందులోనే ఇంకొక పేరా చేర్చి, డిశ్చార్జి బుక్కులో ఉన్న రూపం, జనన ధ్రువపత్రంలో ఉన్న రూపం రెండూ రాసి, రెండూ ఒకే వ్యక్తివని అమ్మగారి చేత చెప్పించండి. నాలుగు అసలు ప్రతులు తీయించుకోండి: రికార్డ్ ఆఫీసుకు ఒకటి, సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒకటి, పాలీక్లినిక్‌కు ఒకటి, ఇంట్లో ఉంచుకోవడానికి ఒకటి. అమ్మగారిని కూడా వెంట తీసుకురండి, సంతకమైనా వేలిముద్రయినా నోటరీ ముందు ఆమే వేయాలి.